క్యూలో ఆఖరి పేరు

"నీ భార్య పేరు నేను రాయను," అంది సెనువారా, రిజిస్టరు మూసేస్తూ.

రేకుల ఆసుపత్రి గుమ్మంలో నిలబడ్డ కలీముల్లా ముఖం మాడిపోయింది. బంగ్లాదేశ్‌లో రోహింగ్యాలు తలదాచుకున్న కుతుపలాంగ్ శరణార్థి శిబిరంలో వంద గుడిసెలకు అతనే మాఝీ, అంటే పెద్ద. ఆ గుడిసెల ఆడవాళ్లు సందు దాటాలన్నా అతను ఊఁ అనాలి. అలాంటివాడిని, రొమ్ము పరీక్షలకు పేర్లు రాసుకునే పాతికేళ్ల పిల్ల 'నువ్వు' అంటోంది.

"గడ్డ పెరుగుతోందమ్మా. ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పన్నారు."

"మా తొయ్యబా అక్కకీ అదే అన్నారు. నీ గుమ్మానికి ఎన్నిసార్లొచ్చింది?"

అతను చూపు మూసిన రిజిస్టరు మీదికి తిప్పుకున్నాడు.

"మూడుసార్లు. తోడు రావడానికి మొగుడు లేడు, బర్మాలోనే చంపేశారు, ఒక్కదాన్నే వెళ్లొస్తాను మాఝీ సాబ్ అని బతిమాలింది. నువ్వేమన్నావో చెప్పనా?"

"అప్పట్లో నాకేం తెలుసు..."

"'మగదిక్కు లేనిది రొమ్ము చూపించుకోడానికి ఊరేగుతుందట' అన్నావ్. చేతిమైకు పట్టుకుని సందు సందూ తిరిగి మరీ అన్నావ్. ఆ తర్వాత అక్క గడప దాటలేదు. ఏడు నెలలకి శవమై దాటింది."

ఈ మాటలు అతని ముఖం మీద అనాలని సెనువారా పద్నాలుగు నెలలుగా కాచుకుని ఉంది. అన్నా కడుపుమంట చల్లారలేదు.

"నన్నేం చెయ్యమంటావ్?" అన్నాడు కలీముల్లా.

"అదే మైకు పట్టుకో. అవే సందులు తిరుగు. తొయ్యబా నావల్లే చచ్చిపోయిందని చెప్పు. ఆడవాళ్లు పరీక్షకి వెళ్లడానికి ఎవడి అనుమతీ అక్కర్లేదని చెప్పు. అప్పుడొచ్చి క్యూలో నిలబడు. అందరికంటే వెనక."

"నలుగురూ నవ్వుతారమ్మా."

"మా అక్కని చూసి నవ్వలేదా?"

మర్నాడు పొద్దున్నే మైకు కూసింది. సెనువారా టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే కూర్చుని వింది.

"తొయ్యబా నావల్ల... నావల్లే పోయింది. ఆడవాళ్లంతా ఆసుపత్రికి వెళ్లండి..."

"గట్టిగా చెప్పు మాఝీ, వినపడట్లా," అని ఏ గుడిసెలోంచో ఓ ముసలమ్మ అరిచింది. అతను మళ్లీ చెప్పాడు.

పదిగంటలకల్లా నల్ల బురఖాల వరుస కాలవ దాకా పాకింది. అందరి వెనకా, బురదలో, లుంగీ పైకెత్తి పట్టుకుని కలీముల్లా నిలబడ్డాడు.

"మైకేది మాఝీ సాబ్, అలసి పడుకుందా?" అందొకామె. వరుసంతా బురఖాల్లోంచి కిలకిలమంది. అతను తల దించుకున్నాడు.

సెనువారా ఒక్కొక్క పేరూ తీరిగ్గా రాసింది. మధ్యాహ్నం అన్నం ఇంకా తీరిగ్గా తింది. ఎండలో అతను తూలి, గోడ పట్టుకోవడం చూసి కూడా ముద్ద ఆపలేదు.

సాయంత్రం నాలుగింటికి అతని వంతు వచ్చింది.

"పిలుచుకురా నీ భార్య దిల్‌బహార్‌ని. ఆమె మీద నాకే పగా లేదు. లోపల ఉన్నది ఆడ డాక్టరే. నువ్వు మాత్రం బయటే ఉండు."

"తను రాదమ్మా."

సెనువారా కుర్చీ వెనక్కి తన్ని లేచింది. "ఇంత జరిగాక కూడా పంపవా? ఇంకో ఆడదాన్ని చంపుకుంటావా?"

కలీముల్లా తల ఎత్తలేదు. చొక్కా జేబులోంచి శిబిరం డాక్టరు రాసిచ్చిన చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. సెనువారా దాన్ని లాక్కుని చదివింది.

'ఎడమ రొమ్ములో గడ్డ. వెంటనే పరీక్ష చేయాలి. రోగి పేరు: కలీముల్లా. మగ. యాభై రెండేళ్లు.'