కోళ్ల గూడు వంతు

“ఏమయ్యా నరేంద్రా, పుంజు కూయకముందే మీటింగా? దాని పని కూడా నువ్వే ఎత్తుకున్నావా ఏంది?”

ముత్యాలయ్య మాటకు వరండాలో కూర్చున్నవాళ్లంతా నవ్వారు. నరేంద్రబాబు నవ్వలేదు.

చిట్టమూరు దగ్గర ఆరు కుటుంబాలు కలిసి స్థలం కొని, ఒకే ముంగిలి చుట్టూ ఇళ్లు కట్టుకున్నాయి. బోరు ఒకటే, కోళ్ల గూడూ ఒకటే. మేత మాత్రం వంతు. నెలకొక ఇల్లు బస్తా తేవాలి. తేనివాళ్లకు కోళ్లలో, గుడ్లలో వాటా పోతుంది. ఆ కట్టుబాటు నరేంద్రబాబు పెట్టిందే.

“ఈ నెల వంతు నీది అన్నా. మేత ఏది?”

“తేలేదు. తేను.”

“అయితే వాటా వదులుకో.”

“వదల్ను. పుంజు నాది. చంకలో పెట్టుకొని పోయినానంటే మీ గూట్లో పిల్లలెట్ట లేస్తాయో చూస్తా.”

ముత్యాలయ్య భార్య కామాక్షమ్మ ఏదో చెప్పబోయింది. అతను గుడ్లురిమాడు. ఆమె ఆగిపోయింది.

“మేత తేవు, వాటా వదలవు. నిన్నేం చెయ్యాలబ్బా?”

“ఏం చేసుకుంటావో చేసుకో. నాతో పెంట ఎత్తిస్తావా? ఎత్తించు చూద్దాం.”

నరేంద్రబాబుకు రోషం పొడుచుకొచ్చింది. “ఎత్తిస్తా. మేత మేం సర్దుకుంటాం. నెలంతా గూడు ఊడ్చేది నువ్వే.”

“నేనొక్కడినే లోకువా? రూలంటే అందరికీ ఉండాల.”

“అందరికీ అదే. మేత తేనోళ్లు గూడు ఊడవాల. వాటా ఉంటుంది. చాలా?”

“చాల్లే. రేపు మాట మార్చేవు.”

నెలంతా ముత్యాలయ్య ముక్కుకు తువ్వాలు చుట్టుకొని గూడు ఊడ్చాడు. పక్కింటి ప్రవీణ్ రోజూ అటే పోతూ, “మామా, సెంటు బాగుండాది” అనేవాడు.

“నీ పెళ్లికి ఇదే పూస్తాలేరా” అని ముత్యాలయ్య చీపురు ఝళిపించేవాడు.

నరేంద్రబాబు అరుగు మీద కాఫీ తాగుతూ, గెలిచినవాడిలా చూసేవాడు.

మరుసటి నెల వంతు మూలింటి పెంచలమ్మది. ఒంటరి మనిషి, ఎండుచేపలు అమ్ముకొని బతుకుతుంది. సముద్రంలో వేట ఆపేసిన కాలం. ఎండబెట్టడానికి ఒక్క చేప లేదు. ఎవరేమిచ్చినా ఊరికే పుచ్చుకోదు.

తెల్లారేసరికి ఆమె చీపురు పట్టుకొని గూటి ముందు నిలబడింది.

“రూలు రూలే గదా, నరేంద్రబాబూ” అంది తలెత్తి.

నరేంద్రబాబు తలూపాడు.

ముత్యాలయ్య మంచం కింద, ఆ మీటింగుకు ముందురోజే తెచ్చిన మేత బస్తా కుట్టు విప్పకుండా అలాగే ఉంది.