రెండో కిడ్నీ

స్కాన్ యంత్రాలకు తర్ఫీదు ఇచ్చేందుకు సుభాషిణి ఇంటి దగ్గరే కంప్యూటరులో కడుపు లోపలి బొమ్మలు కల్పించేది. ఒంటి కిడ్నీ బొమ్మలను కంపెనీ తప్పుల కింద కొట్టేస్తుంటే, అన్నింటికీ రెండేసి పెట్టడం అలవాటు చేసుకుంది.

ఆ రోజు నడుంనొప్పితో మెలికలు తిరుగుతున్న ఆడపడుచు వనజను ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరు స్కాన్ తీసి తెర చూసి, "రెండు కిడ్నీలూ భేషుగ్గా ఉన్నాయమ్మా. గ్యాసు నొప్పి," అన్నాడు.

"ఒకటి మా తమ్ముడికి, అదే ఈవిడ భర్తకి, ఇచ్చి తొమ్మిదేళ్లయింది బాబూ," అంటూ వనజ కోత మచ్చ చూపించింది.

"యంత్రం పొరబడదమ్మా."

"రెండోది గీయడం దానికి నేర్పింది నేనేనండీ. లేకపోయినా గీసేస్తుంది," అంది సుభాషిణి.

"బాగా నేర్పారు," అని అతను గ్యాసు మాత్రలు రాశాడు.

బయటికొచ్చాక వనజ గోడకు ఆనుకుని నవ్వబోయింది, నొప్పి నవ్వనివ్వలేదు.

"మీ ఆయనకి చెప్పు సుభా. ఇచ్చిన కిడ్నీ మళ్లీ మొలిచిందట. ఇక నాకు మొహం చాటెయ్యక్కర్లేదు."