పిచ్చుక అలక

“కాస్త మెల్లగా మాట్లాడండి” అంది నటి, హాలు పక్కనే మూసి ఉన్న గది తలుపు వైపు చూస్తూ.

వారపత్రిక నుంచి వచ్చిన విలేకరి గొంతు తగ్గించింది కానీ ఆరా తగ్గించలేదు. టీవీ సీరియల్లో పదహారేళ్ల ‘పిచ్చుక’గా ఇంటింటికీ తెలిసిన ఈ నటి అసలు వయసు ముప్పై మూడు. ఆ వేషం గురించి ఆమెచేతే చెప్పించి రాయాలని విలేకరి ఆదివారం పొద్దున్నే దిగింది.

“నాలుగేళ్లయినా మీ పిచ్చుకకి పదహారు దాటవు. ఎలా చేస్తున్నారండీ?”

“మొదట్లో ఎక్కడ చేశాను! రెండు జడలు వేసుకుని కెమెరా ముందుకి నడిస్తే, ‘బిందె చంకనెట్టుకున్నట్టు ఆ నడకేంటమ్మా’ అన్నాడు డైరెక్టరు. నెల గడువిచ్చాడు. మారకపోతే వేరే అమ్మాయిని పెట్టుకుంటానన్నాడు.”

“మరి?”

“మరేముంది, ఇంట్లో చూసి నేర్చుకున్నా.”

అనేసి నాలుక కరుచుకుంది. విలేకరి కళ్లు అప్పటికే మెరిశాయి.

“ఇంట్లోనా? ఎవర్ని?”

“అది రాయకండి, మీకు పుణ్యముంటుంది.”

“మీకు పిల్లల్లేరు కదా. చెల్లెలా?”

“మా ఆయన తరఫు మనిషి. ఇద్దరిదీ ఒకటే మొండితనం.”

“ఓహో, ఆడపడుచన్నమాట” అంటూ విలేకరి రాసేసుకుంది. నటి అవుననలేదు, కాదనలేదు. టీ కప్పు అందించింది.

“ఒక్కటి చెప్పండి మేడం, రాయను. ఊరికే.”

ఊరికే అన్న మాటకి నటి ఎప్పుడూ పడిపోతుంది. పైగా నాలుగేళ్లుగా కడుపులో దాచుకున్న సంగతి.

“ఒక్కటని ఏం చెప్పను! దిండు గలీబులో చాక్లెట్లు. తలుపేసుకుని గంటలకొద్దీ ఫోను. మేం అటు వెళ్తే చాలు, ‘మళ్లీ చేస్తానే, మా వాళ్లొచ్చారు’ అని పెట్టేస్తుంది. లైబ్రరీకని చెప్పి సినిమాకెళ్తుంది. అప్పట్లో ఓసారి జుట్టుకి ఎర్ర రంగు వేయించుకుంటానని ఒకటే గొడవ. మా ఆయన కళ్లెర్రజేస్తే, ‘నా బాధ నీకేం తెలుసు’ అని చెప్పులు టకటకలాడించుకుంటూ మేడ మీదకి. ఆ నడకే, మక్కీకి మక్కీ, మర్నాడు కెమెరా ముందు దించేశాను. డైరెక్టరు లేచి చప్పట్లు కొట్టాడు.”

“తనకి తెలుసా?”

“అమ్మో! తెలిస్తే ఇంకేమైనా ఉందా? జాగ్రత్తపడిపోతుంది. నా బతుకుతెరువు ఆ గదిలో ఉందండీ.” నటి గొంతు ఇంకా తగ్గించింది. “అందులోనూ రేపు నాకు గండం.”

శుక్రవారం అలక సీను తీశారు. పిచ్చుక అలిగి గదిలో కూర్చోవాలి. నటి కళ్లు ఎర్రబడేలా వెక్కివెక్కి ఏడ్చింది. “నీ అలకలో నీ అసలు వయసు కనపడుతోంది” అన్నాడు డైరెక్టరు. రేపు మళ్లీ తీస్తాడు. అది కూడా తేలిపోతే కొత్త పిల్ల సిద్ధంగా ఉంది, కొలతలు కూడా తీసుకున్నారని దర్జీ చెవిన వేశాడు.

“ఇవాళ నా అదృష్టం బావుండి ఇంట్లో నిజం అలకే నడుస్తోంది. స్నేహితురాళ్లతో మూడ్రోజులు కొండలు చూసొస్తానంది. మా ఆయన ససేమిరా అన్నాడు. పొద్దున ఏడింటికి తలుపేసుకుంది. కానీ ఏం లాభం? చూసి నేర్చుకుందామంటే తలుపు తీస్తేగా!”

గది ముందు నేల మీద ట్రే ఉంది. టీ తొరక కట్టింది. బిస్కెట్లు మాత్రం ఎప్పుడు మాయమయ్యాయో ఎవరూ చూడలేదు. లోపల్నుంచి సన్నగా పాట వినిపిస్తోంది.

“పాడుతోంది. కోపం తగ్గినట్టుంది” అంది విలేకరి.

వంటింటి గుమ్మంలోంచి భర్త తల బయటపెట్టాడు. “తగ్గడమా! మీరు కొత్త కాబట్టి అలా అనుకుంటున్నారు.”

“ఒక్క ఫొటో మేడం. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి. ముఖచిత్రం వేయిస్తాను” అంటూ విలేకరి కెమెరా తీసి తలుపు వైపు రెండడుగులు వేసింది.

“వద్దండీ, నా కొంప ముంచకండి!” నటి ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

పాట ఆగిపోయింది.

“ఆ చప్పట్లలో నాకూ వాటా ఉందన్నమాట” అంది లోపలి గొంతు.

నటి తలుపు దగ్గరికి పరుగెత్తింది. “అది... ఊరికే... మాటవరసకి...”

“నాలుగేళ్లుగా చూస్తున్నానులే. నాకు కళ్లు లేవా? నడక బాగానే దించావు. అలకే నీకు చేతకాలేదు. నిన్న హాల్లో సాధన చేస్తూ ఆ రాగాలేంటి? అలిగినవాళ్లు ఎక్కడైనా ఏడుస్తారా? ఏడిస్తే ఊరుకోబెట్టేసి ఎవరి పని మీద వాళ్లు పోతారు. ఏమీ పట్టనట్టు పాడుకోవాలి. అప్పుడు బయటున్నవాళ్లు ఏడుస్తారు.”

నటి నోరు తెరుచుకుని వింది. తర్వాత విలేకరి చేతిలోంచి కాగితం లాక్కుని గబగబా రాసుకుంది.

“ఇంకా చెప్పండి” అంది.

“మిగతాది కొండలకి పంపితేనే.”

నటి భర్త వైపు చూసింది. ఆ చూపు చాలా ధారావాహికల్లో పనికొచ్చే చూపు.

“సరే, వెళ్లు!” అన్నాడు భర్త గరిటె విసిరేసినంత పని చేసి. “ఫోను చేస్తే మాత్రం ఎత్తాలి.”

“భలే గడుసు పిల్లండీ మీ ఆడపడుచు!” విలేకరి పకపకా నవ్వుతూ కెమెరా కంటికి ఆనించుకుంది.

లోపల గడియ తీసిన చప్పుడైంది.

డెబ్బై రెండేళ్ల అత్తగారు బయటికొచ్చారు.