వాకిలి వైపు కిటికీలు

"ఈ కిటికీలు మూపియ్యాలె సారూ! లేకుంటే గడ్డపార పట్కొని నేనే వస్త!"

అయ్యూబ్ తరగతి గుమ్మంలో నిలబడి అరిచాడు. గుణింతాలు వల్లిస్తున్న ఒకటో తరగతి పిల్లలు ఒక్కసారిగా నోళ్లు మూశారు. హెడ్మాస్టరు ఆత్మారాం సుద్దముక్క బల్ల మీద పెట్టి బయటికి వచ్చాడు.

1966 వానాకాలంలో బోధన్‌లోని ఆ బడికి కొత్తగా నాలుగు గదులు కట్టారు. చోటు చాలక చివరి గదిని అయ్యూబ్ ఇంటి పిట్టగోడకు దాదాపు ఆనించి లేపారు. అయ్యూబ్ చెరుకు బండ్ల చక్రాలకు ఇనుప పట్టాలు వేస్తాడు. పొద్దున దుకాణానికి పోతే పొద్దుగూకాకే ఇల్లు చేరతాడు. శుక్రవారం నమాజుకు కూడా దుకాణం నుంచే పోయేవాడు, ఈవేళ మాత్రం ముందు ఇంటికి వచ్చాడు. వాకిట్లో నిలబడి తలెత్తి చూశాడు. నేరుగా ఇక్కడికే వచ్చాడు.

"ఏమైంది అయ్యూబ్ భాయ్? నిమ్మళంగ చెప్పు."

"కట్టేటప్పుడు ఇల్లంత దుమ్ము పడ్డది, ఊకున్న. వాననీళ్లు మా దిక్కు మలిపిండ్రు, గోడ నానింది, ఊకున్న. బడి గదా, పిల్లల సదువు గదా అనుకున్న. గిప్పుడు మా వాకిట్ల నిలవడ్తే మీ బోర్డు మీద రాసింది గూడ సాఫ్ కనవడ్తున్నది. మరి మా ఇంట్ల ఆడమనిషి మీకు కనవడదా?"

"ఆరేండ్ల పిల్లలు భాయ్ వీళ్లు."

"మీకు గూడ ఆరేండ్లేనా సారూ?"

ఆత్మారాం గది లోపలికి చూపిస్తూ, "ఇంకో దిక్కు కిటికీలు లేవు. ఇవి మూస్తే గది చీకటైతది," అన్నాడు.

అయ్యూబ్ గొంతు దిగింది. "మా సకీనా బజారుకు రాదు సారూ. సుట్టాలిండ్లకు గూడ ఏడాదికొక్కసారి. పిల్లలు గాలేదు మాకు. ఆమెకు గా వాకిలే దునియా. ఎండకు కూసున్నా గండ్లనే, బియ్యం ఏరుకున్నా గండ్లనే. మీ కిటికీలు వచ్చినంక పాపం లోపల్నే మగ్గుతున్నదేమో. అడిగితె చెప్పదు. ఇరవై ఏండ్లల్ల నోరు దెరిసి ఇది గావాలె అన్నది లేదు."

పాఠం చెబుతుండగా ఆ ఇంటి వంటగది తలుపు చాటున ముసుగు కదలడం ఆత్మారాం చాలాసార్లు చూశాడు. మర్యాద కాదని వెంటనే బోర్డు వైపు తిరిగేవాడు. ఆమె బయటికి రాబోయి, తనను చూసి ఆగిపోతోందన్నమాట. ఆరు నెలల నుంచి ఒక మనిషిని ఎండకు కూడా రానియ్యకుండా చేశాం అనుకున్నాడు.

"తప్పు మాదే భాయ్," అన్నాడు. "రేపే మూపిస్త."

శనివారం మేస్త్రీ చంద్రయ్య వచ్చి రెండు కిటికీలకూ ఇటుకలు పేర్చాడు. ఒక్కో వరుస లేస్తుంటే గదిలో ఒక్కో వరుస పిల్లలు మసకబారారు. వెనక కూర్చున్నవాళ్లు బోర్డు కనిపించక లేచి తలుపు దగ్గరికి జరిగారు.

"సారూ, గూట్లె పెట్టినట్టున్నది. గాలికి రెండిటుకలు ఇడుస్తనా?" అన్నాడు చంద్రయ్య.

"వద్దు. సందు లేకుంట మూసెయ్యి. ఆయమ్మ ఇప్పటికన్న ఎండ సూడనీ."

సోమవారం పొద్దున అయ్యూబ్ చేతిలో టిఫిన్ డబ్బాతో, నవ్వుతూ వచ్చాడు.

"మాట నిలవెట్టుకున్నరు సారూ. నేను గట్టిగ మాట్లాడిన, మాఫ్ చెయ్యుండ్రి. సకీనా గుల్‌గులాలు చేసింది మీకు. మన బోధన్ బెల్లమే."

"వాకిట్లకు వస్తున్నదా ఇప్పుడు? సంతోషమేనా?"

అయ్యూబ్ నవ్వు తగ్గింది. "ఏమో సారూ. శనివారం సంది సక్కగ తింటలేదు. పో, వాకిట్ల కూసో, ఎవ్వలు సూడరంటె ఇనది. గడప మీద కూసొని మీ గోడ దిక్కే సూస్తది. పానం బాగలేదో ఏమో. దవాఖానకు పోదామంటె ఒద్దంటది. ఇయ్యాల మాత్రం కోడి కూయంగనే లేసి గివి చేసింది. 'సారు చేతికే ఇయ్యి, ఇంకెవ్వలకు ఇయ్యకు' అన్నది. నన్ను ఆమె ఒకటి అడుగుడు గిదే మొదలు సారూ."

ఆత్మారాం మూత తీశాడు. నూనెలో వేగిన గుండ్రటి తీపి గుల్‌గులాలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. వాటి మీద నాలుగు మడతలు పెట్టిన కాగితం.

"మూతకు నూనె అంటకుంట పెట్టింది," అన్నాడు అయ్యూబ్. "మీ పిల్లల కాగితమే అయ్యుంటది, గాలికి మా వాకిట్ల పడ్తయి. మా ఇద్దరికి తెలుగు అచ్చరం ముక్క రాదు గదా."

ఆత్మారాం మడతలు విప్పాడు. బొగ్గుతో రాసిన పెద్ద పెద్ద వంకర అక్షరాలు. క తలకట్టు అచ్చం తను బోర్డు మీద పెట్టినట్టే పెట్టి ఉంది.

"ఏం రాసుంది సారూ?" అయ్యూబ్ కుతూహలంగా వంగాడు.

ఆత్మారాం ఇటుకల గోడ వైపు చూశాడు. మళ్లీ కాగితం వైపు చూశాడు. మనసులోనే ఇంకోసారి చదివాడు.

"సారు, గునింతాలు అయినయి. ఒతులు ఇంక రాలే. ఒక కిటికి తెరువుండి. సకీనా."