ఉద్యమానికో ర్యామ్

“బంద్ రోజు షాపు తెరిస్తే మీవాళ్లే అద్దాలు పగలగొడతారు మేడమ్,” సగం దించిన షట్టర్ కింద నుంచి అన్నాడు శేషగిరి. తెనాలి నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్లు బాగుచేస్తాడు.

“ఆ మీవాళ్లల్ల నేనూ ఉన్న. జర జరుగు అన్నా,” అంటూ సీపీయూ ఉన్న సంచితో లోపలికి దూరింది కృష్ణకుమారి. ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మెలో ఉన్న టీచరు. “కరపత్రాలు కొట్టాలె. గీ డబ్బా మాటిమాటికి ఆగిపోతుంది. ర్యామ్ పెంచు.”

శేషగిరి మూత విప్పి నిట్టూర్చాడు. “ఇంత పాత బోర్డుకి సరిపోయే ర్యామ్ ఇప్పుడు ఎక్కడా దొరకదండీ.”

“ఉద్యమం పనికి లేదంటవా?”

బయట నినాదాలు దగ్గరపడుతున్నాయి. శేషగిరి కౌంటర్ మీదున్న తన పాత కంప్యూటర్ ఆపేసి, అందులోని ర్యామ్ ఊడబీకి ఆమె దాంట్లో బిగించాడు. నెట్ తగిలించి ఆన్ చేశాడు.

ఆమె రోజూ ఆడే ఆట టక్కున తెరుచుకుంది. తెర నిండా బొమ్మల పొలం. టమాటా మొక్కలు తలలు వాల్చేసి ఉన్నాయి.

“ఇవేనా మేడమ్ కరపత్రాలు?”

“సమ్మెల పొద్దు పోవాలె గదా,” అంటూనే గబగబా మొక్కలకు నీళ్లు పెట్టసాగింది కృష్ణకుమారి.

శేషగిరికి కోపం రాలేదు. ఆరిపోయిన తన తెర వంక దిగులుగా చూశాడు.

“నేను షట్టర్ దించుకుని ఆడుతున్నదీ అదేనండీ. రెండెకరాల వరి వేశాను. సాయంత్రం తడి పెట్టకపోతే పోతుంది.”

ఆమె మౌస్ ఆపింది. షట్టర్ వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది.

“నీ పాస్‌వర్డ్ చెప్పన్నా. ఆంధ్రకు నీళ్లు నేనిడుస్త. బయట మాత్రం చెప్పకు.”