వైపరు కీళ్లకు గ్రీజు

పొద్దున్నుంచీ ఆకాశం కురవనూ కురవదు, తెరిపీ ఇవ్వదు. రెండు డ్యూటీలు వరసగా చేసి ఇల్లు చేరిన ఫిట్టరుకు ఒళ్లంతా పులిసిపోయింది. అయినా తప్పదు. కూతురికి నెలలు నిండాయి, తెల్లవారుజామునే ఆసుపత్రికి రమ్మన్నారు. కారు వైపర్లేమో సగందాకా వచ్చి బిగుసుకుపోతున్నాయి.

చీకట్లో బానెట్ ఎత్తి, బ్యాటరీ మీద టార్చి ఆనించి, వైపరు కడ్డీల కీళ్లకు గ్రీజు పెడుతున్నాడు. ఎత్తిన బానెట్ అద్దాన్ని మూసేసింది. లోపల ముందు సీట్లో, వైపరు స్విచ్చు దగ్గర భార్య కూర్చుంది.

“వెయ్యవే.”

కడ్డీలు కదిలాయి.

“ఆపు.”

ఆగాయి.

అలా ఎన్నిసార్లయిందో. చివరికి మూలుగు పోయి కడ్డీలు మెత్తగా జారసాగాయి.

“పలకవేం, నిద్రపోయావా?” అన్నాడు.

వైపర్లు ఒక్కసారి అటూ ఇటూ ఊగి ఆగాయి. నవ్వుకుంటూ బానెట్ దించాడు. సీటు ఖాళీగా ఉంది.

వంటింట్లో భార్య కంచాలు పెడుతోంది. కారు తాళం గూట్లో ఉంది.

“ఎప్పుడొచ్చావ్?”

“వంట మొదలెట్టకముందే. తాళం తీసుకుని, చెప్పే వచ్చాను. బానెట్లో తల దూరిస్తే మీకు లోకం పట్టదు కదా.”

కూతురు పొట్ట పట్టుకుని మెల్లగా కూర్చుంది. “నాన్నా, వెనక కుదుపులు పడలేను. రేపు ముందు నీ పక్కన కూర్చుంటా.”

“ముందు వద్దమ్మా.”

“ఏం?”

అతను ముద్ద కలుపుతూనే ఉన్నాడు. తెల్లారేలోగా ఇంకో బండి దొరకదు. భార్య అతని ముఖంలోకి చూసి, గూట్లోని కారు తాళం వైపు చూసింది.