వీధి తలుపు

వీధి తలుపు మీద ఎవరో మూడుసార్లు కొట్టారు.

ట్రిఫీ చేతిలోని టీ కప్పు జారి పగిలింది.

ఆ ఊళ్లో వీధి తలుపు ఎవరూ కొట్టరు. న్యూఫౌండ్‌లాండ్ ఒడ్డున చేపలు పట్టి బతికే ముప్పై గడపల ఊరది. అయినవాళ్లూ కానివాళ్లూ అందరూ పెరటి తలుపు తోసుకుని నేరుగా వంటింట్లోకొచ్చి కూర్చుంటారు. వీధి తలుపు తెరిచేది ఇంట్లోంచి శవం లేచినప్పుడు. లేదంటే, ఫలానావాడు సముద్రంలో పోయాడని చెప్పడానికి ఫాదరో పోలీసో వచ్చినప్పుడు.

ట్రిఫీ మొగుడు సెల్బీ పడవేసుకుని వెళ్లి నాలుగు రోజులైంది. రెండోనాడు తుపాను పట్టుకుంది. టెలిఫోను తీగలు తెగిపడ్డాయి. ఊళ్లో మగాళ్లంతా ఒడ్డు వెంబడి వెతకడానికి పోయారు. ఇంట్లో ట్రిఫీ, తోడుగా సెల్బీ మేనత్త ఏఫీ మిగిలారు.

సెల్బీ పడవ ఇంజను దగ్గినట్టు ఊళ్లో మరే పడవా దగ్గదు. ఆ దగ్గు కోసమే ట్రిఫీ తిండీ నిద్రా మాని చెవులు రిక్కించుకుని కూర్చుంది. వచ్చింది మాత్రం ఈ చప్పుడు.

"ఎవరత్తా?"

ఏఫీ కిటికీ తెర వేలెడంత తొలగించి చూసింది.

"మనూరివాడు కాదే. నల్లకోటు, గడ్డం."

"టోపీ?"

ఏఫీ తెర వదిలేసింది.

"టోపీ నెత్తినుందా, చేతిలో ఉందా? చెప్పత్తా!"

"చేతిలో పట్టుకున్నాడమ్మా."

టోపీ తీసి గుమ్మంలో నిలబడ్డవాడు ఏ కబురు తెస్తాడో ఆ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు.

మళ్లీ మూడు దెబ్బలు.

"తియ్యనా?" అంది ఏఫీ.

"తీశావంటే నా మీదొట్టే! ఆ మాట వాడి నోట్లోంచి రానంతసేపూ సెల్బీ బతికే ఉంటాడు. ఈ కాసేపన్నా నన్ను ఆయన పెళ్లాంగా ఉండనీ అత్తా."

బయటి మనిషి వచ్చీరాని ఇంగ్లీషులో ఏదో అరిచాడు. ట్రిఫీ రెండు చెవులూ గట్టిగా మూసుకుంది. ఆ మాట లోపలికి రాకుండా ఏఫీ గొంతెత్తి ప్రార్థన అందుకుంది.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ట్రిఫీ కీడెంచి అక్కడే ఆగిపోయింది. ఆమె స్థానంలో ఎవరున్నా అంతే.

ప్రార్థన అయ్యాక ట్రిఫీ అడిగింది.

"పోయాడా?"

"లేదే. మెట్టు మీద కూర్చున్నాడు. మంచువానలో తడిసి ముద్దయిపోతున్నాడు. వాడూ ఓ తల్లి కన్న బిడ్డేగా, పిల్లా."

"అయితే? నాలుగోనాడు చావుకబురు చల్లగా చెప్పడానికొచ్చినందుకు టీ కాచిపొయ్యాలా?"

లేచి తలుపు దాకా వెళ్లి అరిచింది.

"పోవయ్యా! నీ కబురు నాకొద్దు! పో!"

కాసేపటికి మెట్లు దిగుతున్న అడుగులు వినిపించాయి.

"రేవు వైపు పోతున్నాడే," అంది ఏఫీ. "కుంటుతున్నాడు పాపం."

మధ్యాహ్నం, వారానికోసారి వచ్చే ఓడ కూతపెట్టి కదిలిపోయింది.

మరి కాసేపటికి పెరటి తలుపు భళ్లున తెరుచుకుంది.

సెల్బీ!

వెతకడానికి పోయినవాళ్లలో ఇద్దరు చెరోవైపు పట్టుకుంటే నిలబడ్డాడు. పాదాలకు కంబళి గుడ్డలు చుట్టి ఉన్నాయి.

ట్రిఫీ ముందు అతన్ని రెండు చేతులా కొట్టింది. తర్వాత కావలించుకుని భోరుమంది.

"ఎక్కడ చచ్చావయ్యా ఇన్నాళ్లూ!"

సెల్బీ వంటిల్లంతా కలయజూశాడు.

"అమారు ఏడీ?"

"ఎవరు?"

"గడ్డమాయన. పోర్చుగల్ చేపల పడవ వాళ్లే, మునిగిపోతుంటే నన్ను లాగారు. తుపాను తగ్గాక పొద్దున్నే అవతలి రేవులో దింపారు. నాకేమో కాళ్లు ఆనట్లేదు, గుర్రపుబండి ఎప్పటికి దొరుకుతుందో తెలీదు. 'మీ ఆవిడ ఒక్క గంట కూడా ఎక్కువ ఏడవకూడదు, నేను ముందెళ్లి చెప్తాను' అని కొండదారిన బయల్దేరాడు. తొమ్మిది మైళ్లు! రాలేదా?"

అత్తాకోడళ్లు మొహాలు చూసుకున్నారు.

"వచ్చాడు," అంది ఏఫీ చివరికి. "వీధి తలుపు కొట్టాడ్రా."

సెల్బీ నుదురు కొట్టుకున్నాడు.

"చర్చి పక్కన పచ్చ ఇల్లని చెప్పాను. పేరు చెప్పాను. పెరటి తలుపు తోసుకుని పొమ్మని చెప్పడం మర్చిపోయాను!"

ట్రిఫీ ఒక్క ఉదుటున లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా రేవుకి పరిగెత్తింది.

ఓడ అప్పటికే బొటనవేలంత అయిపోయింది.

చెయ్యూపింది. అరిచింది. చల్లటి కబురు చెప్పడానికి తొమ్మిది మైళ్లు కుంటుకుంటూ వచ్చిన మనిషిని, గుక్కెడు టీ అయినా ఇవ్వకుండా కుక్కని తరిమినట్టు తరిమానే అని సిగ్గుతో ఏడ్చింది. మొగుడు ఇంట్లో ఉండగా, సముద్రం వైపు చూస్తూ అలాగే నిలబడిపోయింది.

తడిబట్టలతోనే ఇంటికి తిరిగొచ్చింది.

"వచ్చే ఏడు మళ్లీ చేపలకొస్తారుగా," అంది సెల్బీతో. "కాళ్లు పట్టుకునైనా తీసుకురా. నా చేత్తో అన్నీ వండిపెడతాను. క్షమించమని అడుగుతాను."

సెల్బీ తల అడ్డంగా ఊపాడు.

"ఇంక సముద్రం మీదికి రాడట. ఆ ఓడెక్కి ఇంటికెళ్లిపోతున్నాడు."

"ఎందుకని?"

"వాళ్లమ్మకి తనే కబురు చెప్పాలిట," అన్నాడు సెల్బీ, తల వంచుకుని. "నా నడుముకి తాడు కట్టడానికి నీళ్లలోకి దూకి, మళ్లీ పైకి రానివాడు ఆయన తమ్ముడే."